గ్రూప్ వర్క్ ముగిశాక రికార్డులో ఏం రాయాలి? సోషల్ వర్క్‌లో పునరాలోచనపై ఒక వివరణ

విశాఖపట్నంలో ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివే విద్యార్థులు వారంలో కొన్ని రోజులు తరగతి గదిలోనూ, మిగిలిన రోజులు ఏదో ఒక బస్తీలోనో, ఆసుపత్రి వార్డులోనో, బాలల వసతి గృహంలోనో గడుపుతారు. ఫీల్డ్‌వర్క్ అని పిలిచే ఈ శిక్షణలో వ్యక్తితో పనిచేయడం, బృందంతో పనిచేయడం, మొత్తం సముదాయంతో పనిచేయడం అనే పద్ధతులను ఆచరణలో పెట్టి, చేసినదంతా రికార్డుగా రాసి సూపర్‌వైజర్‌కు ఇవ్వాలి. కేస్ వర్క్, అంటే ఒక వ్యక్తితో చేసిన పని, రికార్డు రాయడంలో అంతగా తడబడని విద్యార్థి కూడా గ్రూప్ వర్క్ దగ్గరికి వచ్చేసరికి "ఈ రోజు సెషన్‌లో సభ్యులందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు, మద్యపానం వల్ల కలిగే నష్టాలపై వారికి అవగాహన కల్పించడమైనది" అని రాసి ఊరుకుంటారు. ఇందులో అబద్ధం ఉండకపోవచ్చు. అయితే ఆ గదిలో ఎవరు ఎవరితో మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు, సోషల్ వర్కర్ ఏ క్షణంలో ఏ నిర్ణయం తీసుకున్నారు అన్నవి అందులో ఎక్కడా కనిపించవు.

ఈ చిక్కు విద్యార్థులది మాత్రమే కాదు. డీ-అడిక్షన్ కేంద్రాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, పాఠశాలల్లో బృందాలు నడిపే ఉద్యోగులకూ నెల నివేదిక రాసేటప్పుడు ఇదే ఎదురవుతుంది. గ్రూప్ వర్క్ మీద పునరాలోచన, అంటే జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసుకుని అందులోంచి నేర్చుకోవడం, చేయాలని అందరూ అంటారు గానీ, దేని గురించి ఆలోచించాలో, ఎంతవరకు రాయాలో, ఏది రాయకూడదో అన్న విషయాల్లో నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

పది మందిని కూర్చోబెడితే గ్రూప్ వర్క్ అవుతుందా?

అవదు. పోషకాహారం మీద అంగన్‌వాడీ కేంద్రంలో జరిగే అవగాహన సదస్సులో ఒకరు చెబుతారు, మిగతావారు వింటారు. పక్కన కూర్చున్న మనిషి ఎవరైనా ఫలితంలో పెద్ద తేడా రాదు. సోషల్ గ్రూప్ వర్క్‌లో ఆ పక్క మనిషే ముఖ్యం. సభ్యుల మధ్య ఏర్పడే సంబంధాలను ఆసరాగా చేసుకుని, ఒక్కొక్క సభ్యుడికీ, మొత్తం బృందానికీ మేలు జరిగేలా శిక్షణ పొందిన వ్యక్తి ఉద్దేశపూర్వకంగా నడిపించే పద్ధతినే గ్రూప్ వర్క్ అంటారు. ఆట, పాట, చర్చ, చార్టు వంటివన్నీ అందుకు వాడే సాధనాలు. వీటికి వృత్తి పరిభాషలో 'ప్రోగ్రామ్' అని పేరు. వాటి చాటున మనుషుల మధ్య జరిగేదాన్ని 'ప్రాసెస్' అంటారు. పైన చెప్పిన తరహా రికార్డుల్లో ప్రోగ్రామ్ నిండుగా ఉంటుంది, ప్రాసెస్ ఉండదు.

తెలుగు నేలలో ఈ అయోమయానికి మరో కారణం కూడా ఉంది. ఇక్కడ 'గ్రూపు' అనగానే పొదుపు సంఘం గుర్తుకొస్తుంది. 1982లో మొదలైన డ్వాక్రా పథకం, 1992లో నాబార్డ్ ప్రయోగాత్మకంగా ప్రారంభించిన స్వయం సహాయక సంఘాల బ్యాంకు అనుసంధానం, ఆ తర్వాత పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా ఏర్పడిన సంఘాలు కలిసి ఆ మాటకు ఒక స్థిరమైన రూపం ఇచ్చాయి: పది మందికి తగ్గకుండా మహిళలు, ఒక పాసు పుస్తకం, నెలనెలా కిస్తీ. పొదుపు సంఘం ఆర్థిక వ్యవస్థగా ఎంత బలమైనదైనా, దాని సమావేశం తనంతట తాను గ్రూప్ వర్క్ కాదు. అదే సంఘంలో భర్తను కోల్పోయిన ఒక సభ్యురాలు కిస్తీ కట్టలేకపోయినప్పుడు, మిగతావారు ఆమె మీద ఒత్తిడి తేవాలా, ఆమెకు తోడు నిలవాలా అన్న ఘర్షణను ఎవరైనా జాగ్రత్తగా అందరి మధ్యా చర్చకు పెట్టగలిగితే, అప్పటి నుంచి అక్కడ జరిగేది గ్రూప్ వర్క్.

ఒక సెషన్‌ను దగ్గరి నుంచి చూద్దాం

వివరణ కోసం ఒక బృందాన్ని ఊహించుకుందాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు వేట నిషేధం అమల్లో ఉంటుంది. బోట్లు ఒడ్డున ఉంటాయి, మగవాళ్ళు ఇళ్ళ దగ్గర ఉంటారు, రోజువారీ రాబడి ఆగిపోతుంది, కొన్ని ఇళ్ళలో తాగుడు పెరుగుతుంది. హార్బర్‌కు దగ్గరలో ఉన్న ఒక మత్స్యకార పేటలో భర్తల తాగుడుతో ఇబ్బంది పడుతున్న ఎనిమిది మంది మహిళలతో ఒక విద్యార్థిని వారానికోసారి, మధ్యాహ్నం మూడు గంటలకు, ఆరు వారాల పాటు కలవాలని ఏర్పాటు చేసుకుంది. ఆమె వయసు ఇరవై మూడు, పెళ్ళి కాలేదు. సభ్యుల్లో చేపలు వేలం పాడే ఒక పెద్దావిడ, ఎండుచేపలు అమ్మే ఒకామె, పెళ్ళయి ఏడాది కూడా నిండని ఒక అమ్మాయి ఉన్నారు.

మూడో వారం ఆమె కాలేయం బొమ్మ గీసిన చార్టు పట్టుకెళ్ళింది. తాగుడు వల్ల కాలేయం ఎలా పాడవుతుందో చెప్పడం మొదలుపెట్టిన కాసేపటికే వేలం పాడే పెద్దావిడ అడ్డుపడింది.

"పాపా, ఆ బొమ్మ మాకెందుకు? లివర్ పాడైపోతాదని మాకు తెల్దేటి? నీకింకా పెళ్ళవనేదు. రాత్రి తాగొచ్చి తలుపు బాదితే ఏటి చెయ్యాలో అది చెప్పు."

అందరూ నవ్వారు. విద్యార్థిని ముఖం ఎర్రబడింది. "అక్కడికే వస్తున్నానండి" అని చార్టు కొనసాగించింది. మరో అయిదు నిమిషాలకు ఎండుచేపలు అమ్మే ఆమె "కుళాయి వచ్చే టైమైంది" అని లేచి వెళ్ళిపోయింది. ఆ సందడిలో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి పక్కనున్న ఆమెతో గొంతు తగ్గించి, "మా ఇంటి తలుపుకి లోపల గెడ నేదప్పా" అంది. ఆ పక్కనామె అంతే నెమ్మదిగా, "అయితే మా ఇంటికొచ్చీ" అంది. విద్యార్థినికి ఈ మాటలు సగమే వినిపించాయి. ఆమె తర్వాతి బొమ్మ చూపించింది.

ఆ సాయంత్రం రాసిన రికార్డులో "కాలేయంపై మద్యం ప్రభావాన్ని చార్టు ద్వారా వివరించడమైనది, ఒక సభ్యురాలు అంతరాయం కలిగించారు, ఏడుగురు చివరి వరకు ఉన్నారు" అని ఉంటే అది హాజరు పట్టీకి సరిపోతుంది. పునరాలోచనతో రాసిన రికార్డు మూడు చోట్ల ఆగుతుంది. పెద్దావిడ ప్రశ్న అంతరాయమా, లేక ఆ బృందం తన అసలు అవసరాన్ని మొదటిసారి బయటపెట్టడమా? ఒక సభ్యురాలు లేచి వెళ్ళడానికి కుళాయి ఎంత కారణం, చార్టు ఎంత కారణం? చివరిగా, సోషల్ వర్కర్ ప్రమేయం లేకుండానే ఇద్దరు సభ్యుల మధ్య సహాయం చేతులు మారింది; ఆ రోజు నిజంగా జరిగిన గ్రూప్ వర్క్ ఆ రెండు మాటలదే అయినప్పుడు, దాన్ని ఆమె ఎందుకు గమనించలేకపోయింది?

ఒకే సంఘటన మూడు నమూనాల్లో మూడు రకాలుగా ఎందుకు కనిపిస్తుంది?

ఈ ప్రశ్నలకు జవాబు మనం ఏ సిద్ధాంతం మీద నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. గ్రూప్ వర్క్ మూలాలు ఒక చోట లేవు. లండన్‌లో 1884లో ఏర్పడిన టాయిన్‌బీ హాల్, షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో ప్రారంభించిన హల్ హౌస్ వంటి సెటిల్‌మెంట్ గృహాల్లో (చదువుకున్నవారు పేదల మధ్యే నివసిస్తూ సేవ చేసిన కేంద్రాల్లో) పేదలు, వలస వచ్చినవారు కలిసి చదువుకోవడం, ఆడుకోవడం, హక్కుల కోసం కూడగట్టుకోవడం ఒక పాయ. యువజన సంఘాలు, వినోద ఉద్యమాలు ఇంకొక పాయ. వీటిని ఒక బోధనాంశంగా మలిచే ప్రయత్నం 1920లలో అమెరికాలోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. గ్రేస్ కోయిల్ వంటివారు 1930లలో దానికి వృత్తి స్వరూపం ఇచ్చారు. మన దేశంలో సోషల్ వర్క్ విద్యకు నాంది 1936లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ నేతృత్వంలో ముంబయిలో ప్రారంభమైన సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్. నేటి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అదే. అలా వచ్చిన పాఠ్యాంశాలే, స్థానికమైన మార్పులతో, మన విశ్వవిద్యాలయాల్లోనూ నడుస్తున్నాయి.

1966లో కేథరిన్ పాపెల్, బ్యూలా రాత్‌మన్ ఈ వైవిధ్యాన్నంతా మూడు నమూనాలుగా విడదీశారు. ఇప్పటికీ పరీక్షల్లో అడిగేది ఆ విభజనే. మొదటిది సామాజిక లక్ష్యాల నమూనా. ఇందులో బృందం సమాజాన్ని మార్చే శక్తి. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన మహిళలు చదువుతో మొదలుపెట్టి, దూబగుంటతో పేరుపడిన సారా వ్యతిరేక ఉద్యమం దాకా వెళ్ళడం, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించడం మనకు తెలిసిన చరిత్ర. అది సోషల్ వర్కర్లు పథకం ప్రకారం నడిపిన గ్రూప్ వర్క్ కాదు గానీ, చిన్న బృందంలో మొదలైన మాట ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికి అంతకంటే మంచి తెలుగు ఉదాహరణ నాకు కనిపించదు. రెండోది చికిత్సా నమూనా. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ వింటర్ పేరుతో ముడిపడిన ఈ దృష్టిలో బృందం వ్యక్తి సమస్యను సరిదిద్దే సాధనం, సోషల్ వర్కర్ నిపుణుడు. మూడోది పరస్పర నమూనా. విలియం ష్వార్ట్జ్ ప్రతిపాదించిన ఈ నమూనాలో బృందం అంటే ఒకరికొకరు సాయపడే ఒక ఉమ్మడి ప్రయత్నం. సోషల్ వర్కర్ వ్యక్తికీ బృందానికీ, బృందానికీ వ్యవస్థకూ మధ్య నిలిచే మధ్యవర్తి.

మన ఉదాహరణను ఈ మూడింటితోనూ చదవవచ్చు. సామాజిక లక్ష్యాల దృష్టి ఉన్నవారు, నిషేధ కాలంలో పేటలో మద్యం ఎక్కడి నుంచి వస్తోందో, ప్రభుత్వం ఇచ్చే భృతి ఎవరి చేతికి అందుతోందో బృందం ఎందుకు అడగలేదని చూస్తారు. చికిత్సా దృష్టి ఉన్నవారికి చార్టు పూర్తిగా తప్పు కాదు, కాకపోతే ఒక్కొక్క సభ్యురాలి ఇంటి పరిస్థితిని ముందే అంచనా వేయకుండా అందరికీ ఒకే పాఠం చెప్పడం లోపం. పరస్పర నమూనాలో చూస్తే, తలుపు ప్రశ్న వచ్చిన క్షణమే సెషన్ మొత్తానికి ఇరుసు, "నాకు తెలియదండి, మీలో ఎవరికైనా అలాంటి రాత్రి ఎదురైతే ఏం చేశారు?" అని దాన్ని బృందానికే అప్పగించి ఉంటే, గెడ లేని తలుపు మాట గుసగుసగా మిగలకుండా అందరి మధ్యకు వచ్చేది. అలా రావడం ఆ అమ్మాయికి మేలు చేసేదా, ఇబ్బంది పెట్టేదా అన్నది మళ్ళీ వేరే ప్రశ్న. నమ్మకం కుదరకముందే హింస గురించి బయటపెట్టిన మనిషి మరుసటి వారం సిగ్గుతో రాకపోవడం బృందాలు నడిపేవారికి తెలియనిది కాదు.

దశల సిద్ధాంతం ఎంతవరకు పనికొస్తుంది?

పునరాలోచనలో తరచు వాడే ఇంకో కొలమానం బృంద వికాస దశలు. బ్రూస్ టక్‌మన్ 1965లో చెప్పిన నాలుగు దశలు (ఏర్పడటం, ఘర్షణ పడటం, కట్టుబాట్లు కుదరడం, పనిచేయడం) మేనేజ్‌మెంట్ శిక్షణల పుణ్యమా అని అందరికీ కంఠతా వచ్చు. 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి విడిపోవడాన్ని అయిదో దశగా చేర్చాడు. సోషల్ వర్క్‌లో ఎక్కువగా వాడేది అదే 1965లో గార్లాండ్, జోన్స్, కొలోడ్నీ చెప్పిన వరుస: చేరడానికి ముందు తటపటాయింపు, అధికారం కోసం పెనుగులాట, సాన్నిహిత్యం, ఎవరి ప్రత్యేకత వారికి ఏర్పడటం, వీడ్కోలు.

ఈ వరుస ప్రకారం మూడో వారంలో పెద్దావిడ సవాలు చేయడం రెండో దశకు అచ్చమైన నమూనా. సోషల్ వర్కర్ అధికారాన్ని బృందం పరీక్షిస్తోందని, అది బృందం ఎదుగుతోందనడానికి గుర్తేనని తెలిసిన విద్యార్థిని దాన్ని అవమానంగా తీసుకోదు. ఆ మేరకు ఈ సిద్ధాంతం ఉపశమనం ఇస్తుంది. అయితే 1995లో లిండా షిల్లర్ ఒక అభ్యంతరం లేవనెత్తింది. మహిళల బృందాల్లో ఈ క్రమం తారుమారు అవుతుందని, మొదట భద్రత, అనుబంధం, పరస్పర సానుభూతి కుదిరాకే సవాళ్ళు, భిన్నాభిప్రాయాలు పైకి వస్తాయని ఆమె వాదన. దాని ప్రకారం ఆలోచిస్తే పెద్దావిడ మాటను అధికార పోరాటంగా చూడనక్కర్లేదు. ముందే ఒకరికొకరు తెలిసిన పేట మహిళలు తమ మధ్య ఉన్న చనువుతో బయటి మనిషిని కూడా లోపలికి లాగే ప్రయత్నం చేస్తున్నారనీ అనుకోవచ్చు. ఏది సరైనదో ఒక్క సెషన్ చూసి తేల్చలేం. టక్‌మన్ తన సిద్ధాంతాన్ని అప్పటికే ప్రచురితమైన, ఎక్కువగా చికిత్సా బృందాలు, శిక్షణా బృందాల మీద జరిగిన అధ్యయనాల నుంచి రాబట్టాడు. సముద్రం ఒడ్డున తరాలుగా పక్కపక్క ఇళ్ళలో ఉంటున్నవారు ఒక హాలులో కూర్చున్నప్పుడు 'ఏర్పడటం' అనే దశ ఎక్కడ మొదలైందని చెప్పగలం? వాళ్ళ వదిన వరసలు, అప్పులు, పాత తగాదాలు అన్నీ గదిలోకి వెంట వస్తాయి. 2022 జనవరిలో రింగు వలల విషయంలో విశాఖ తీరంలో మత్స్యకారుల మధ్యే గొడవలు రేగాయి. అలాంటి వివాదంలో చెరో పక్షాన నిలిచిన ఇళ్ళ ఆడవాళ్ళు ఒకే బృందంలో ఉంటే, వాళ్ళు ఎదురెదురుగా ఎందుకు కూర్చోరో దశల పట్టిక చెప్పదు. జేకబ్ మొరేనో 1930లలో రూపొందించిన సోషియోగ్రామ్, అంటే ఎవరు ఎవరి వైపు మొగ్గుతున్నారో గీతలతో వేసే చిత్రం, ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది.

పునరాలోచన అన్న మాట వెనుక ఏముంది?

అనుభవం తనంతట తాను నేర్పదు, దాని మీద క్రమపద్ధతిలో ఆలోచిస్తేనే నేర్పుతుంది అన్న భావనను విద్యారంగంలో బలంగా నాటింది అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ. 1983లో డోనాల్డ్ షోన్ దాన్ని వృత్తుల వైపు తిప్పాడు. వృత్తి నిపుణులు పుస్తక జ్ఞానాన్ని పరిస్థితికి నేరుగా అన్వయించరని, అనిశ్చితమైన సందర్భంలో చేస్తూ చేస్తూనే ఆలోచిస్తారని అతను వివరించాడు. పని జరుగుతుండగా చేసే ఆలోచన ఒకటి, పని అయ్యాక వెనక్కి తిరిగి చేసేది మరొకటి. మన విద్యార్థిని చార్టు మడిచి పక్కన పెట్టి ప్రశ్నను బృందానికి ఇచ్చి ఉంటే అది మొదటి రకం, ఆ రాత్రి కూర్చుని "నేను చార్టును ఎందుకు వదల్లేకపోయాను?" అని తనను తాను ప్రశ్నించుకోవడం రెండో రకం. రెండోది పదేపదే చేయగా చేయగా మొదటిది అలవడుతుందన్నది శిక్షణ వెనుక ఉన్న ఆశ.

1988లో గ్రాహం గిబ్స్ ఇచ్చిన వలయం ఈ రెండో రకానికి మెట్లు కట్టింది: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగులేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండవచ్చు, ఈసారి ఏం చేస్తాను. మన ఉదాహరణలో మొదటి మూడు మెట్లు సులువుగానే నిండుతాయి. 'ఏమనిపించింది' దగ్గర పెద్దావిడ మాటకు సిగ్గు, కాస్త కోపం అని నిజాయితీగా రాయాలి. 'ఎందుకు' దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. చార్టు తయారు చేయడానికి రాత్రంతా పట్టింది కాబట్టి వదల్లేకపోయిందా? పెళ్ళి కాని తనకు ఈ విషయం మీద మాట్లాడే అర్హత లేదన్న భయం చార్టు చాటున దాక్కుందా? రెండూ నిజమే కావచ్చు. వలయం ప్రశ్నను అడిగిస్తుంది, జవాబు లోతును మాత్రం హామీ ఇవ్వదు. ఆ లోతు వచ్చేది సూపర్‌వైజర్‌తో కూర్చున్న అరగంటలోనే అని నా నమ్మకం. రికార్డు మీద ఎర్ర సిరాతో 'చూశాను' అని సంతకం పెట్టి పంపించే చోట ఎంత మంచి నమూనా అయినా ఫారం నింపడంగా మారిపోతుంది.

భిన్నాభిప్రాయాలు ఎక్కడ ఉన్నాయి?

మొదటి వివాదం రాత గురించి. ఒక వర్గం ప్రాసెస్ రికార్డింగ్‌ను, అంటే సెషన్‌లో మాట వెనుక మాటగా జరిగిందంతా జ్ఞాపకం నుంచి రాసి, పక్కన తన భావాలను, విశ్లేషణను చేర్చే పద్ధతిని, శిక్షణకు ప్రాణమని భావిస్తుంది. ఎనిమిది మంది మాట్లాడిన గంటసేపటిని గుర్తుపెట్టుకుని రాయాలంటే గమనించక తప్పదు, గమనించడమే నేర్వవలసిన నైపుణ్యం. రెండో వర్గం దీన్ని ఆచరణ సాధ్యం కాదంటుంది. వారానికి ఎన్నో బృందాలు నడిపే ఉద్యోగి ఇలా రాస్తూ కూర్చుంటే పని సాగదు. పైగా జ్ఞాపకం తనకు అనుకూలమైనదాన్నే ఎంచుకుంటుంది. ఒక కీలక సంఘటనను మాత్రం తీసుకుని లోతుగా విశ్లేషించడమే మేలని వారి సూచన. విద్యార్థికి మొదటిది, ఉద్యోగికి రెండోది అని సర్దుబాటు చేసుకోవడం మామూలుగా జరుగుతుంది.

రెండో వివాదం పునరాలోచన ఎక్కడ ఆగాలన్నది. తన భావాలు, తన తప్పొప్పుల దగ్గరే ఆగితే అది అంతర్ముఖమైన ఆత్మవిమర్శగా మిగిలిపోతుందని ఆస్ట్రేలియాకు చెందిన జ్యాన్ ఫుక్ వంటివారు అంటారు. తాను ఏ కులం, ఏ తరగతి, ఏ భాష నుంచి వచ్చి ఎవరి ముందు కూర్చున్నానో, తన ప్రశ్నల్లో ఏ అధికారం దాగి ఉందో చూడని పునరాలోచన అసంపూర్ణమని వారి వాదన. మన ఉదాహరణలో విద్యార్థిని సభ్యులను 'అండి' అని గౌరవిస్తోంది, వాళ్ళు ఆమెను 'పాపా' అంటున్నారు. అయినా చార్టు, పెన్ను, హాజరు పుస్తకం, మాట్లాడే వరస ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తే అసలు అధికారం ఎక్కడ ఉందో తెలుస్తుంది. దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. మార్కులు వేసే అధ్యాపకుడి చేతికి వెళ్ళే రికార్డులో కుల, వర్గ పక్షపాతాలను ఒప్పుకోమని అడిగితే, విద్యార్థులు ఒప్పుకోలును కూడా ఒక శైలిగా నేర్చుకుని రాస్తారు.

మూడోది ఫలితాలను కొలిచేవారి నుంచి వస్తుంది. సోషల్ వర్కర్ ఎంత అందంగా పునరాలోచించినా సభ్యులకు ఏమైనా మారిందా లేదా అన్నది వేరే సంగతి కాబట్టి, ముందూ వెనుకా కొలిచిన సూచికలు కావాలని వారంటారు. నిధులిచ్చే సంస్థలు సహజంగానే ఇటువైపు మొగ్గుతాయి. ఇక్కడ పునరాలోచనకు వ్యతిరేకంగా చెప్పగలిగిన గట్టి ఉదాహరణ విపత్తుల అనంతర సాయం. విశాఖ ప్రజలు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది ప్రాణాలు కోల్పోవడాన్ని చూశారు. ఇలాంటి ఘటనల తర్వాత బాధితులను వెంటనే కూర్చోబెట్టి జరిగినదంతా ఒకే విడతలో చెప్పించే 'డీబ్రీఫింగ్' ఒకప్పుడు మంచి సాయమని విస్తృతంగా నమ్మారు. నడిపినవారికీ, పాల్గొన్నవారిలో చాలామందికీ అది మేలు చేసినట్టే అనిపించింది. నియంత్రిత అధ్యయనాలను క్రోడీకరించిన సమీక్షల్లో మాత్రం ఒకే విడత డీబ్రీఫింగ్ అలాంటి ఘటనల తర్వాత వచ్చే మానసిక ఒత్తిడి రుగ్మతను (పీటీఎస్‌డీ) నివారించలేదని తేలింది. ఆ అధ్యయనాలు ప్రధానంగా ఒక్కొక్క వ్యక్తితో చేసినవి కాబట్టి బృందాలకు యథాతథంగా వర్తించవని వాదించేవారూ ఉన్నారు. ఏమైనా నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది మాట్లాడమని బలవంతం చేయని మానసిక ప్రథమ చికిత్సను. 'సెషన్ బాగా జరిగింది' అన్న భావన మీద మాత్రమే ఆధారపడిన రికార్డు ఈ తేడాను ఎప్పటికీ పట్టుకోలేదు.

నాలుగో ప్రశ్న మరీ మౌలికమైనది: అసలు సోషల్ వర్కర్ అవసరమా? తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే, 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగేవారి కుటుంబాల కోసం 1951లో ఏర్పడిన ఆల్-అనాన్ వృత్తి నిపుణులు లేకుండానే నడుస్తున్నాయి. గెడ లేని తలుపు గురించి జరిగిన ఆ రెండు మాటలూ ఈ వాదానికి బలమిస్తాయి. అయితే ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టిన ఏర్పాటు ఎవరో ఒకరు చేయాలి కదా అన్నది జవాబు.

రికార్డులో రాయకూడనిది ఏమిటి?

కేస్ వర్క్‌లో గోప్యత ఇద్దరి మధ్య విషయం. బృందంలో ఎనిమిది మంది విన్నదాన్ని ఒక్క సోషల్ వర్కర్ మాట ఇచ్చి కాపాడలేరు. సభ్యులందరి దగ్గరా మాట తీసుకోవాలి, అయినా పూర్తి హామీ ఉండదని ముందే చెప్పాలి. పేటలాంటి చోట పేరు రాయకపోయినా సరిపోదు. 'వేలం పాడే పెద్దావిడ', 'కొత్తగా పెళ్ళయిన అమ్మాయి' అని రాస్తే చదివిన స్థానికుడు ఇట్టే పోల్చుకుంటాడు. మంచి పునరాలోచనకు వివరం కావాలి, గోప్యతకు వివరం తగ్గాలి. ఈ వైరుధ్యం పరిష్కారమయ్యేది కాదు, ప్రతిసారీ తూచుకోవలసినదే. సెషన్ రికార్డులో సంకేతాలు వాడి, వాటి పట్టికను విడిగా సూపర్‌వైజర్ దగ్గర ఉంచడం ఒక మధ్యేమార్గం.

చట్టం కొన్ని గీతలు గీసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తికి తన ఆరోగ్య సమాచారం మీద గోప్యతా హక్కు ఇస్తుంది. 24వ సెక్షన్ చికిత్స పొందుతున్నవారి ఫొటోను వారి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వడాన్ని నిషేధిస్తుంది. సెషన్ జరిగిందనడానికి రుజువుగా ఫొటోలు తీసి సంస్థ వాట్సాప్ గ్రూపులో పెట్టడం మామూలైపోయిన రోజుల్లో ఈ నిబంధనల స్ఫూర్తిని ఎంతమంది పట్టించుకుంటున్నారో చెప్పనక్కర్లేదు. పిల్లల బృందాల్లో గోప్యతకు మరో హద్దు ఉంది. లైంగిక దాడి గురించి తెలిస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు లేదా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి తెలియజేయాలి; తెలియజేయకపోవడం నేరం. కాబట్టి కిశోర బాలికల బృందంలో మొదటి రోజే "ఇక్కడ చెప్పినది ఎక్కడికీ పోదు" అని మాట ఇవ్వడం తప్పు. పెద్దల విషయంలో అలా కాదు. భర్త చేతిలో దెబ్బలు తింటున్న మహిళ 2005 గృహ హింస చట్టం కింద ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ప్రధానంగా ఆమె నిర్ణయం. 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి, హింసకు గురైన మహిళలకు ఒకేచోట సాయం అందించే వన్ స్టాప్ సెంటర్ గురించి ఆమెకు తెలిసేలా చేయడం సోషల్ వర్కర్ వంతు.

బృందం ముగిసేటప్పుడు

వీడ్కోలు దశ మీద మన రికార్డుల్లో ఉండేది సాధారణంగా ఒక గ్రూపు ఫొటో, 'సభ్యులు ధన్యవాదాలు తెలిపారు' అన్న వాక్యం. నిజానికి చాలా బృందాలు ముగిసేది వాటి పని పూర్తయినందుకు కాదు, విద్యార్థి ఫీల్డ్‌వర్క్ గడువు ముగిసినందుకు. ఈ సంగతిని మొదటి వారమే చెప్పారా, సభ్యులు దాన్ని ఎలా తీసుకున్నారు, చివరి రెండు వారాల్లో హాజరు పడిపోయిందా అన్నవి రాయదగిన విషయాలు. చివరి సెషన్‌లో రికార్డు సారాంశాన్ని చదివి వినిపించి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో సభ్యులనే అడగడం కొందరు పాటించే పద్ధతి. చదువు రానివారు కూడా తమ గురించి ఏం రాశారో తెలుసుకోగలిగే దారి అదొక్కటే. అయితే ఇలా చదివి వినిపించాలని ముందే తెలిస్తే సోషల్ వర్కర్ రాత మొహమాటంగా మారుతుందన్న అభ్యంతరం దీనికీ ఉంది.

తర్వాత వచ్చే విద్యార్థికి ఫైలు అప్పగించేటప్పుడు సభ్యుల కథలకన్నా బృందం నడిచే తీరే ఎక్కువ అక్కరకొస్తుంది: ఎవరి మాట చెల్లుతుంది, ఏ రెండు ఇళ్ళ మధ్య మాటల్లేవు, చార్టుల కంటే ఏది పనిచేసింది. మన ఊహాజనిత పేటలోనైతే సమయం కూడా అందులో రాయాలి. జూన్ 14 దాటాక బోట్లు వేటకు వెళ్తాయి, చేప దిగే వేళను బట్టి ఆడవాళ్ళ పనివేళలు మారిపోతాయి. నిషేధ కాలంలో అందరికీ కుదిరిన మధ్యాహ్నం మూడు గంటలు ఆ తర్వాత కుదరకపోవచ్చు. అది తెలియక ఖాళీ హాలులో కూర్చున్న కొత్త విద్యార్థి 'సభ్యులకు ఆసక్తి లేదు' అని రాసే అవకాశం చాలా ఎక్కువ.